లైసెన్సు ఎవరి సొత్తు?

లోకములో మనవని చెప్పుకొను వస్తువులు రెండు విధములు. కొన్ని మనము సంపాదించినవి, లేదా పెద్దలనుండి మనకు సంక్రమించినవి. మరికొన్ని పరులు మనయందు నమ్మకముంచి మన చేతికి అప్పగించినవి. ఇల్లు, పొలము, నగ మొదటి తెగకు చెందినవి. దేవాలయపు ధర్మకర్తృత్వము, తండ్రిలేని బిడ్డకు సంరక్షకత్వము, పాఠశాలలో ఉపాధ్యాయుని పీఠము రెండవ తెగకు చెందినవి. మొదటి తెగ వస్తువును ఒకని యొద్దనుండి లాగికొన్నచో అది అపహరణము. రెండవదానిని తిరిగి తీసికొన్నచో అది అపహరణము కాదు. ఇచ్చిన నమ్మకమును ఇచ్చినవారే మరలించుకొనుట. ఈ భేదము మనస్సునకు పట్టినగాని, త్రాగి బండి నడిపినవాని లైసెన్సు రద్దుచేయుట న్యాయమా, అన్యాయమా అను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు.

ఈ ప్రశ్న మా చిలకలూరిపేటవారికి వట్టి తర్కము కాదు. చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు రాజమార్గముపై వెలసిన ఊరిది. ప్రత్తి, పొగాకు, నూలుమిల్లులు, వానిని మోయు లారీలు, కూలీలను మోయు ఆటోలు ఇచ్చటి జీవనమునకు ఆధారములు. స్టీరింగు పట్టి బ్రతుకువాని ఇల్లును, రోడ్డుమీద బిడ్డను పోగొట్టుకొన్నవారి ఇల్లును ఒకే వీథిలో నుండుట ఇచ్చట అరుదు కాదు. మొదటి ఇంటివారిని అడిగినచో లైసెన్సు తీసివేయుట కడుపుకొట్టుట యందురు. రెండవ ఇంటివారిని అడిగినచో ఆ పని ముందే చేసియుండవలసినదందురు. ఇద్దరి మాటలోను దుఃఖము కలదు. దుఃఖములు రెండు ఎదురైనప్పుడు గొంతు హెచ్చినవారి పక్షము వహింపక, ధర్మమెక్కడ నున్నదో వెదకుట విద్యావంతుల పని.

మొదట శాసనము చెప్పునదేమో చూతము. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము పుట్టిననాడు, వాహనమును అదుపులో నుంచుకొనజాలనంతగా మత్తులో నుండి నడుపుటయే నేరముగా నుండెను. తూలిపడువాడు చిక్కెడివాడు, తూలనివాడు తప్పించుకొనెడివాడు. 1988లో వచ్చిన చట్టము తన మొదటి రూపమున, రక్తములో మద్యము ఎంత స్వల్పముగా నున్నను నేరమే యని వ్రాసినది. 1994లో దానిని సవరించి, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు గీసిరి. ఇంగ్లండువారు 1967లో ఈ హద్దును 80గా పెట్టుకొనిరి; స్వీడను దేశీయులు 20కి దించుకొనిరి. మన హద్దు కఠినమైన హద్దులలో చేరినదే. లోపము హద్దులో లేదు.

శిక్షల మాటకు వచ్చినచో, 2019 సవరణ ప్రకారము మొదటి తప్పునకు ఆరు మాసములవరకు చెఱసాల గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో చెఱ రెండేండ్లవరకును, జరిమానా 15,000 వరకును పెరుగును. ఇవిగాక లైసెన్సుపై రెండు చేతులు పడును. ఒకటి న్యాయస్థానము: నేరము ఋజువైనచో ఆరు మాసములకు తక్కువగాకుండ ఆ మనుష్యుని బండి నడుపుటకు అనర్హునిగా ప్రకటించి తీరవలెనని ఇరువదవ సెక్షను ఆజ్ఞాపించుచున్నది. రెండవది రవాణాధికారి: పోలీసులు స్వాధీనము చేసికొని పంపిన లైసెన్సును ఆయన పరిశీలించి, దాని యజమాని చెప్పుకొనునది విని, కారణములు వ్రాతమూలముగా నుంచి, మొదటి తప్పునకు మూడు మాసములు నిలుపవచ్చును, రెండవ తప్పునకు రద్దే చేయవచ్చును. అట్లు రద్దైనవాని పేరు లోకులకు తెలియునట్లు ప్రకటించుటకును చట్టము అనుమతించినది. నిలిపిన లైసెన్సు తిరిగి చేతికి రావలెనన్నచో మరల శిక్షణ పొంది ఉత్తీర్ణుడు కావలెను. ఆజ్ఞ అన్యాయమని తోచినవాడు ముప్పది దినములలో పై యధికారికి మొఱపెట్టుకొనవచ్చును.

చెఱసాల, జరిమానా నిస్సంశయముగా శిక్షలు. అవి మనుష్యుని శరీరమును, ధనమును తాకును. లైసెన్సు రద్దు వానితో చేరినదేనా? 2021 నవంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పొకటి ఈ సందర్భమున స్మరింపదగినది. త్రాగి నడిపినాడను కారణముచే పోలీసులు వాహనమును పట్టి యుంచుకొనరాదు, వెంట త్రాగనివాడు లైసెన్సుతో నున్నచో అతనికి అప్పగింపవలెను, లేనియెడల బంధువులను పిలిపించి ఇయ్యవలెనని ఆ తీర్పు చెప్పినది. వాహనము సొత్తు గనుక దానిని యజమానికి చేర్పుమనిరి. లైసెన్సు విషయమున అట్లు చెప్పజాలరు. ఏలయన, కాగితము మన జేబులో నున్నను, అందలి నమ్మకము మనది కాదు. ఎదురుగా వచ్చు బండివాడు, బడికి పోవు పిల్ల, అరుగుమీద కూర్చున్న ముసలమ్మ, మనలను ఎన్నడును చూచియెఱుగని ఇట్టి సహస్రజనులు తమ ప్రాణములను మన చేతికి వదలి నిశ్చింతగా త్రోవ నడచుచున్నారు. వారి తరఫున ప్రభుత్వము వ్రాసి యిచ్చిన చీటియే లైసెన్సు.

ఈ భావము పాశ్చాత్యులనుండి అరువు తెచ్చుకొన్నది కాదు. మనుస్మృతిలో మనము నేడు త్రోసిపుచ్చవలసిన విధులు పెక్కులు గలవు. ఐనను ఎనిమిదవ అధ్యాయమున బండ్లవలన గలుగు హానిని గూర్చిన ప్రకరణము ఆలోచింపదగినది. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు గాని చక్రము గాని విఱిగినను, తొలగుడని సారథి కేకవేసినను, ఇట్టి పది సందర్భములలో దండన లేదని అందు చెప్పబడినది. అనగా దైవికమునకు మనుష్యుని బాధ్యుని చేయలేదు. పిమ్మట, సారథి నేర్పు లేనివాడగుటచే బండి త్రోవ తప్పి హాని కలిగినచో యజమానికి 200 పణముల దండనయు, సారథి నేర్పరియైనచో సారథికే దండనయు విధింపబడినది. నేర్పులేనివాని చేతికి పగ్గము లిచ్చినవాడు దోషి. నేర్పుండియు దానిని వినియోగింపనివాడు అంతకంటె దోషి. త్రాగి నడుపువాడు ఈ రెండవవాడు. వానికి విద్య కలదు. ఆ విద్యను ప్రయోగింపవలసిన తెలివిని మాత్రము తానే చెడగొట్టుకొన్నాడు.

ఇచ్చట మద్యముయొక్క స్వభావమును తెలిసికొనవలెను. అది మొట్టమొదట హరించునది చేతి పట్టును గాదు. పట్టు సడలినదని గుర్తింపగల వివేకమును. కావుననే త్రాగినవాడు "నాకేమీ కాలేదు, నేను బాగానే ఉన్నాను" అనును. అతడు అబద్ధమాడుటలేదు. నిజము చెప్పగల సాక్షి అతనిలో నిద్రపోయినాడు. మజ్జిగ త్రాగినను, నిమ్మరసము పిండుకొన్నను, తలపై చన్నీళ్లు పోసికొన్నను మత్తు దిగునని మనవారిలో నమ్మకము కలదు. అది భ్రమ. రక్తములోని మద్యమును తీసివేయునది కాలేయము. గంటకు ఇంచుమించు 10 మొదలు 20 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే అది ఆ పని చేయగలదు. నూరు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములతో అర్ధరాత్రి పండుకొన్నవాడు హద్దులోనికి వచ్చుటకు సామాన్యముగా ఆరుగంటలు పట్టును. తెల్లవారగట్ల లేచి లారీ తీయువాడు తాను నిద్రపోతినిగదా యని ధైర్యపడరాదు.

ఇక ఆక్షేపణలు విచారింతము. మొదటిది: "ఎవరికిని దెబ్బ తగులలేదు. జాగ్రత్తగా ఇల్లు చేరుచుండగా నడుమ పట్టుకొని లైసెన్సు తీసికొనుట యేల?" ఇది వినుటకు న్యాయముగనే తోచును. కాని దీనియందొక దోషము దాగియున్నది. దెబ్బ తగులుట, తగులకుండుట అను రెండును త్రాగినవాని చేతిలో లేవు. ఒకే సీసా త్రాగి, ఒకే త్రోవను, ఒకే వేగముతో పోవు ఇద్దరిలో ఒకడు ఇల్లు చేరును. వేఱొకని యెదుట ఒక పిల్లవాడు రోడ్డు దాటును. ఇద్దరును చేసిన పని యొక్కటే. ఫలము మాత్రము వేఱు. ఫలమునుబట్టియే తప్పును కొలుతుమన్నచో, మనము ధర్మమును గాక అదృష్టమును కొలిచినవారమగుదుము.

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరునొద్ద జరిగినది ఎవరు మఱవగలరు? ద్విచక్రవాహనముపై పోవుచు ఒక యువకుడు పడి మరణించెను. పడియున్న బండిమీదుగా హైదరాబాదునుండి బెంగుళూరు పోవు బస్సు వచ్చి, దానిని ఈడ్చుకొని పోగా మంటలు లేచి 19 మంది ప్రయాణికులు దగ్ధమైరి. ఆ యువకుడు మద్యము సేవించియుండెనని పరీక్షలో తేలినది. ఆ బస్సును గూర్చియు ప్రశ్నలు లేకపోలేదు; ఘోరములకు కారణము ఎన్నడును ఒక్కటి కాదు. కాని ఆ యువకుడు ఇల్లు వెడలునప్పుడు ఎవరిని చంపవలెనని తలచెను? అతడు గతించెను గనుక అతనిని నిందించుట మన పని కాదు, జాలిపడుటయే తగును. ఆ జాలి నిజమైనదైనచో, అట్టి స్థితిలో నున్న వేఱొకనిని బండి ఎక్కకముందే ఆపుటయందు కనబడవలెను. హాని జరిగినపిమ్మట లైసెన్సు రద్దుచేయుట కాలిన యింటికి తాళము వేయుటవంటిది.

రెండవ ఆక్షేపణ మొదటిదానికంటె బలమైనది. లారీ నడపువా రొకరు నాతో ఈ మాట అనిరి: "మాస్టారూ, కారున్న అయ్యగారి లైసెన్సు పోతే డ్రైవర్ని పెట్టుకుంటాడు. నా లైసెన్సు పోతే నా పెళ్లాం బిడ్డలు ఏం తినాలండీ?" దీనికి సమాధానము సులభము కాదు. ఆరు మాసములను మాట ఇద్దరికిని ఒక్కటే. దాని బరువు ఒక్కటి కాదు. ఒకనికది అసౌకర్యము; ఒకనికి పస్తు. శాసనము సమానముగా నున్నంతమాత్రమున న్యాయము సమానమైనదని చెప్పలేము.

ఐనను ఈ దుఃఖమునకు పరిహారము స్టీరింగును తిరిగి అతని చేతికిచ్చుట యగునా? ఒక ఉపాధ్యాయుడు త్రాగి తరగతికి వచ్చినచో, అతని బిడ్డలు పస్తుందురని చెప్పి మన బిడ్డలను అతని యొద్దనే కూర్చుండబెట్టుదుమా? మందులిచ్చువాడు మత్తులో నొక సీసాకు బదులు వేఱొక సీసా ఇచ్చుచుండగా, అతనికి వేఱు జీవనము లేదని ఊరకుందుమా? ఉండము. పది టన్నుల బరువు మోయు లారీ ఆ సీసాకంటె తక్కువ ప్రమాదకరమైనది కాదు. బ్రతుకుతెరువని దేనిని చెప్పుచున్నామో అందులోనే పరుల ప్రాణములు ఇమిడియున్నప్పుడు ఆ పనికి నియమము హెచ్చుగా నుండవలెనేగాని తగ్గరాదు. భార్యాబిడ్డల పోషణ వేఱు ప్రశ్న. దానికి లారీ యజమానుల సంఘములు, కార్మిక సంఘములు, ప్రభుత్వము బాధ్యత వహింపవలెను. నిలిచిన ఆరు మాసములలో సరకు ఎత్తుట, గిడ్డంగి కాచుట వంటి పని చూపవచ్చును. రాత్రింబవళ్లు నిద్ర లేకుండ లారీ నడిపించి, ఆ బడలిక మాపుకొనుటకు సీసాయే దిక్కని త్రాగువానికి నేర్పిన యజమాని మాత్రము చేతులు కడిగికొనరాదు.

మూడవ ఆక్షేపణ ప్రభుత్వమును గూర్చినది. మద్యము నమ్మించి ఆదాయము పొందు ప్రభుత్వమే త్రాగినవాని లైసెన్సు లాగికొనుట వింతగాదా యని అందురు. వింతయే. మన రాష్ట్ర చరిత్రయే దీనికి సాక్ష్యము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతోద్యమమున ఓనమాలు దిద్దుకొన్న స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణములు నడుప మొదలిడి, 2024 అక్టోబరులో వానిని మరల ప్రైవేటువారికి అప్పగించినది. సర్వోన్నత న్యాయస్థానము 2016 డిసెంబరులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపున మద్యము నమ్మరాదని ఆజ్ఞాపించినది. 2017లో చిన్న యూళ్లకు ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించి, పిమ్మట పురపాలక సంఘముల పరిధిలోని దుకాణములకు ఆ నిషేధము అడ్డురాదని వివరించినది. మా పేట వంటి పురములలో రహదారికిని సీసాకును నడుమ దూరము కొలుచు పని తుదకు త్రాగువాని వివేకమునకే మిగిలినది.

కనుక ప్రభుత్వము నిర్దోషి యని నేను చెప్పను. కాని ఒకని దోషము వేఱొకని దోషమును కడుగదు. కత్తి నమ్మినవాడు దోషియైనను పొడిచినవాడు దోషి కాకపోడు. ప్రభుత్వమునడిగి నిలదీయుడు, మద్యపు ఆదాయములో కొంత భాగము ప్రమాదములలో దిక్కులేనివారైన కుటుంబములకును, త్రాగుడు మానగోరువారి చికిత్సకును వెచ్చింపుమని పట్టుపట్టుడు. అది ధర్మమైన కోరిక. అంతియేగాని, ప్రభుత్వము నమ్మినది గనుక నేను త్రాగి నడుపుదునని చెప్పుట ధర్మము కాదు.

నా యభిప్రాయమున నిజమైన అన్యాయము ఈ మూడింటిలో దేనిలోను లేదు. ఆజ్ఞ అందరికిని ఒకే తీరున అమలు జరుగకుండుటలో నున్నది. పేదవాని లైసెన్సు పోలీసు చేతిలో పడినచో అది రవాణాధికారి బల్లపైకి చేరును. పలుకుబడిగలవాడు చిక్కినచో చేతి ఫోను మ్రోగును. ఒక పెద్దమనిషి "మనవాడేనండీ, కాస్త చూడండి" అనును. అంతటితో మద్యము ఆవిరియగును. 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. ఇంత నష్టము నడుమ సిఫారసుచేసి ఒకనిని విడిపించినవాడు తాను ఒక సాయము చేసితినని తలచును. అతడు చేసినది సాయము కాదు. ఎవరి నమ్మకమో తీసికొని వేఱొకనికి దానమిచ్చినాడు. శిక్ష ఎంత కఠినమైనది అను దానికంటె ఎంత తప్పనిది అనునదే మనుష్యుని నడవడిని దిద్దును. పదిమందిలో ఒకని లైసెన్సు శాశ్వతముగా పోవుటకంటె, పదిమంది లైసెన్సులును ఆరేసి మాసములు తప్పక నిలుచుట మేలు.

తిరిగివచ్చు త్రోవయు నుండవలెను. నమ్మకము పోగొట్టుకొన్నవాడు దానిని మరల సంపాదించుకొనరాదను నియమము మానవత్వమునకు విరుద్ధము. చట్టము చెప్పిన శిక్షణ, పరీక్ష మంచివే. కాని త్రాగి నడిపినవానికి బండి త్రిప్పుట మరల నేర్పుటవలన ప్రయోజనము స్వల్పము. అతనికది ముందే తెలియును. అతడు నేర్వవలసినది సీసా యెదుట తన్ను తాను నిగ్రహించుకొనుట. కావున లైసెన్సు తిరిగి కోరువాడు, ఈ నడుమ వ్యసనమును విడుచుటకై వైద్యుని ఆశ్రయించినాడా, ఆ కాలమున చాటుగా బండి నడుపక ఆజ్ఞను పాలించినాడా యని అధికారి విచారించుట యుక్తము. అనర్హుడై యుండియు నడిపినవానికి వేఱుగా చెఱయు, 10,000 రూపాయల జరిమానాయు చట్టమందు కలవు. ఆ విచారణలో నిలిచినవానికి లైసెన్సు గౌరవముతో తిరిగి ఇయ్యవలెను; వాని పాత తప్పును ఊరివారు జీవితాంతము ఎత్తిపొడువరాదు.

తుదకు మన యిండ్లకు వత్తము. త్రాగివచ్చిన కుమారుని పోలీసులు పట్టుకొన్నచో, తల్లి దేవునికి మ్రొక్కును, తండ్రి సిఫారసు వెదకును, బావమరది డబ్బు పట్టుకొని పరుగెత్తును. ఆ సాయంకాలము అతడు తాళపుచెవి తీసికొని వెడలునప్పుడు మాత్రము ఎవరును అడ్డుపడరు. పెండ్లిండ్లలో మగపెండ్లివారికి విందుచేసి, సీసాలు పంచి, నడిరేయి "జాగ్రత్తగా వెళ్లండి బావగారూ" అని బండ్లయొద్దకు సాగనంపుట మర్యాద యనుకొనుచున్నాము. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల వెంట వేలమంది రాత్రియంతయు రోడ్లపై నడచుచుండగా, వారి నడుమనే మత్తులో బండ్లు దూయువారిని ఉత్సాహవంతులని నవ్వి విడుచుచున్నాము. త్రాగి నడుపుటకు ప్రోత్సహించినవానికి నడిపినవానితో సమానమైన శిక్ష విధింపవచ్చునని 188వ సెక్షను చెప్పుచున్నదను సంగతి మనలో ఎందరికి తెలియును? లైసెన్సు లేనివాని చేతికి బండి యిచ్చిన యజమానికిని వేఱుగా శిక్ష కలదు. అలనాడు మనువు యజమానికి విధించిన 200 పణముల దండనకును దీనికిని గల పోలికను చదువరులే గ్రహింతురుగాక.

గృహిణులు ఈ విషయమున చేయగల పని చట్టము చేయజాలదు. పోలీసు శ్వాసపరీక్షా యంత్రముతో కూడలియొద్ద నిలుచును. ఇల్లాలు గుమ్మమునొద్ద నిలుచును. త్రాగినవాని నోటి వాసన మొదట తెలియునది ఆమెకే. దూబగుంట స్త్రీలు దుకాణము మూయించిరి. మన యిండ్ల స్త్రీలు తాళపుచెవి దాచుట దానికంటె కష్టమైనది కాదు. పెద్దకుమారుడు తాళపుచెవి యడిగినప్పుడు "ఈ పూట ఆటోలో వెళ్లు నాయనా, బండి రేపు తెచ్చుకోవచ్చు" అను తల్లి మాటవలన ఏ న్యాయస్థానపు తీర్పును కాపాడలేని ప్రాణములు దక్కును. విందు చేయు గృహస్థు త్రాగినవారిని ఇంటికి చేర్చుటకు డ్రైవరును కుదిర్చిన పిమ్మటనే విస్తళ్ల లెక్క వేయుట మంచి యాచారము. ఇట్టి యాచారము కులపెద్దలు నేర్పరు. మనమే క్రొత్తగా నెలకొల్పవలెను.

లైసెన్సు ఎవరి సొత్తు అను ప్రశ్నకు నా సమాధానమిది. అది జేబులో నున్నవాని సొత్తు కాదు. ఇచ్చిన ప్రభుత్వపు సొత్తును కాదు. త్రోవ నడచు ప్రతి మనుష్యుని నమ్మకము అందు కలదు. దానిని ఒక గ్లాసు మద్యమునకు తాకట్టు పెట్టినవాని యొద్దనుండి కొంతకాలము తీసి యుంచుట క్రౌర్యము కాదు. మారినవానికి తిరిగి ఇచ్చుట దౌర్బల్యమును కాదు. కాని మారకముందే, ఎవరో చెప్పినారని, మనవాడని, ఈ యొక్కసారికని తిరిగి ఇచ్చుట మాత్రము, ఎన్నడును మనలను చూడని ఏ పసిబిడ్డ ప్రాణమునో మన యిష్టము వచ్చినట్లు ఖర్చు పెట్టుట. ఆ హక్కు మనలో ఎవరికిని లేదు.